రాళ్ళు చెప్పిన వానకథ

కోలారు బంగారు గనుల ప్రాంతమున పుట్టి పెరిగిన తెలుగు కుటుంబములకు రాయి క్రొత్త వస్తువు కాదు. చిత్తూరు సీమలో వానలు ముఖము చాటువేసిన యొక యేట మా తాతగారు చేను విడిచి, బంగారుపేట మీదుగా మారికుప్పము చేరిరి. మా తండ్రిగారు చాంపియన్ రీఫు గనిలో కేజి ఎక్కి దిగుచునే తమ యౌవనమును వెచ్చించిరి. ఆ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు. అచ్చటి రాతి వేడిమిని గూర్చి ఆయన చెప్పుచుండగా మేము నోళ్ళు తెరచి వినెడివారము. మా యింటి గూటిలో దీపము ప్రక్కన ఒక పలుగురాతి ముక్క ఉండెడిది. అందులో బంగారము లేదు. అయినను దానిని పారవేయుటకు ఆయన ఒప్పుకొనలేదు. రాతిని చదువనేర్చినవాడే గనిలో బ్రతుకగలడని ఆయన నమ్మకము.

కొన్నేండ్ల క్రిందట ఉగాదినాడు సంఘమున పిల్లలకు ఊరి చరిత్ర చెప్పు పని మాపై పడినది. ఒక చిన్నది లేచి, "తాతా, మన మైనులో రాక్షసబల్లి ఎముకలుండాయా?" అని అడిగెను. ఎంత లోతునకు పోయిన అంత పాతది గదా, ఉండియే యుండునని మేము తడుముకొనకుండ చెప్పితిమి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. భూగర్భశాస్త్రము చదువుచున్న మా మనుమరాలు మాత్రము కొట్టలేదు. ఇల్లు చేరినపిమ్మట, "తాతా, ఆ పాపకు తప్పు చెప్పినావు" అనెను.

తప్పు ఎచ్చటనో ఆమెయే విప్పి చెప్పినది. కోలారు రాళ్ళ వయస్సు సుమారు 270 కోట్ల సంవత్సరములు. అవి చాలవరకు నీటి అడుగున పొంగి చల్లారిన లావా. పిమ్మట వేడిమికిని ఒత్తిడికిని రూపు మారినవి. నాడు భూమిపై కంటికి కనబడని సూక్ష్మజీవులు తప్ప వేరు ప్రాణి లేదు. రాక్షసబల్లులు పుట్టినది సుమారు 23 కోట్ల సంవత్సరముల నాడు. వాటి ఎముకలు కావలెనన్న, నదులు ఒండ్రు పేర్చిన చోటికి, అనగా గోదావరి లోయకు పోవలెను.

ఆ దసరా సెలవులలో ఆమె మమ్ము వెంటబెట్టుకొని పోయినది. హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రములో కోటాసారస్ అస్థిపంజరమును చూచితిమి. పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి వద్ద దొరకిన ఎముకలవి; 1988లో శ్రీ పి. యాదగిరి దానికి ఆ పేరు పెట్టిరి. దానికి ముందే, రవీంద్రుని శతజయంతి యేడైన 1961 ప్రాంతమున, పోచంపల్లి సమీపమున మరొక పెద్ద రాక్షసబల్లి ఎముకలను కలకత్తా గణాంకశాస్త్ర సంస్థవారు త్రవ్వి తీసిరి. 1975లో దానికి బరపాసారస్ టాగోరై అని నామకరణము జరిగినది. ఆ ఎముకలతోబాటు రాయిగా మారిన చెట్టు మ్రాకులును దొరకినవి. ఒక పెనువరద వాటినన్నిటిని ఒకచోటికి త్రోసియుండునని పండితుల ఊహ.

అచ్చటినుండి ఆసిఫాబాదు ప్రాంతపు మలేరి ఎఱ్ఱమట్టికి పోయితిమి. ఎముకకంటె దాని చుట్టునున్న మట్టియే ఎక్కువ మాటలాడునని మాకు అచ్చట తెలిసినది. సుమారు 22 కోట్ల యేండ్ల నాటి ఆ మట్టిలోని ఇనుము గాలి సోకి ఎఱ్ఱబడినది. అనగా నేల అప్పుడప్పుడు బాగుగా ఎండెడిదన్నమాట. నడుమ సున్నపు గడ్డలు కలవు. నీరు ఆవిరియై సున్నము నేలలో మిగిలిన చోట అట్టి గడ్డలు కట్టును. ఊపిరితిత్తులు గల చేపల పండ్లును అచ్చట దొరకినవి. ఆ జాతి చేపలు నేటికిని ఆఫ్రికాలో కరవు రోజులలో బురదలో దాగి బ్రతుకును. వానకాలము, పిమ్మట దీర్ఘమైన యెండకాలము: ఇది మలేరి చెప్పు కథ. ఆ సున్నపు గడ్డలవంటి వాటిలోని కర్బనమును పరీక్షించి, నాటి గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంతయుండెనో కూడ శాస్త్రజ్ఞులు అంచనా కట్టుదురట.

దాని పైపొరలలో కోటా సున్నపురాయి, అందులో చేపలు. అది ఒకనాటి సరస్సు. క్రిందిపొరలలో సింగరేణి బొగ్గు. అది తడి యారని చిత్తడి యడవి. ఇంకను క్రింద మంచు ఈడ్చి గీచిన గుండ్రాళ్ళు. ఒక్క లోయలో మంచు, అడవి, ఎండ, సరస్సు ఒకదానిపై నొకటి పేర్చబడినవి.

"శీతోష్ణస్థితి ఎప్పుడును మారుచునే యున్నది గదా, నేడు ఇంత ఆందోళన యేల?" అని మేమంటిమి. ఆమె బొగ్గు వంక చూపినది. ఆ మార్పులలో పెక్కింటికి లక్షల యేండ్లు పట్టినది. చెట్లకును జంతువులకును తావు మార్చుకొన వ్యవధి దొరకినది. కోట్ల యేండ్లలో పోగైన బొగ్గును మనము రెండు మూడు వందల యేండ్లలో కాల్చుచున్నామనెను. మాకు మాట రాలేదు. వానలు తప్పిననాడు మా తాతగారు పోయి చేరుటకు ఒక గని యుండెను. ఆ గని 2001 ఫిబ్రవరి 28న మూతబడినది. కోలారు జిల్లాలో జీవనది లేదు. చెరువులే ప్రాణము, అవి యెండినచోట బోరు లోతు పెరుగుచుండును. ఈ పిల్లలు రేపు ఎచ్చటికి పోవలెను?

మరుసటి ఉగాదికి మేము సభలో నిలిచి మా తప్పును ఒప్పుకొంటిమి. ఆ చిన్నది అంతతో ఊరకుండలేదు. "అయితే రాక్షసబల్లులున్నప్పుడు మన కోలారులో వాన పడెడిదా, తాతా?" అని అడిగెను. పడియుండవచ్చును, కాని ఆ కాలపు పొర మన నేలపై నిలువలేదు, చెప్పు రాయి లేదంటిమి. ఈసారి మనుమరాలు తల యూపినది.

ఆ పుట పోయినది. మన కాలపు పుట మాత్రము ఊరి చెరువుల అడుగున, పూడికమట్టిలో, ఏటేట వ్రాయబడుచున్నది. పాఠకులు తమ యిండ్లలోని పెద్దలను ఏ యేట చెరువు నిండెను, ఏ యేట ఎండెను అని అడిగి వ్రాసి యుంచవలెనని మా మనవి. మా తాతగారు చేను విడిచిన సంవత్సరమేదో మేము అడుగక పోయితిమి. ఇప్పుడు చెప్పువారు లేరు.