మాత్రయు మాసధర్మమును

“నెలనెలా సరిగానే కనబడుచున్నది గదా డాక్టరమ్మగారూ, ఇంక భయమెందుకు?” అని గర్భనిరోధపు మాత్రలు వాడుకొను స్త్రీలు నన్నడుగుచుందురు. ప్రభుత్వాస్పత్రులలో నుచితముగా నిచ్చు మాలా-ఎన్ అట్టలో 21 హార్మోను మాత్రలును, 7 ఐరన్ మాత్రలును ఉండును. హార్మోను మాత్రలు ముగిసిన పిమ్మట దేహమున వాని బలము తగ్గుటచే గర్భాశయపు లోపొర జారి వచ్చునదే ఆ రక్తము గాని, మాత్ర చక్కగా పనిచేసినదనుటకు అది సాక్ష్యము కాదు. కనబడెనని నిశ్చింతగా నుండుటయు, కనబడలేదని హడలి మాత్రలు మానివేయుటయు రెండును పొరపాట్లే; వీనిలో రెండవది మరింత హానికరమని నా తలంపు. అకాలమున వచ్చు మరకకు మాత్రము కారణము వెదకి తీరవలెను.

క్షయకు మందులు వాడుచున్న యొక యిల్లాలు, ఏ రాత్రియు మాత్ర మరువనిది, నెల నడుమ బట్టకు మరకలగుచున్నవని వచ్చి, ఎక్కడనో మరచియుందువని అత్తగారు నిందించినందుకు కన్నీరు పెట్టుకొన్నది. ఆమె సంచిలో రెండు విధముల మాత్రలును కలిసియే యుండెను. క్షయచికిత్సకు మూలమైన రిఫాంపిసిన్, మూత్రమునకు నారింజవన్నె తెచ్చు ఆ మందే, కాలేయమును ప్రేరేపించి హార్మోనును శీఘ్రముగా క్షీణింపజేయును. మ్రింగిన మాత్ర ఆ దేహమునకు చాలక పోవును. ఒక కిటికీయొద్ద క్షయమందును, మరియొక కిటికీయొద్ద గర్భనిరోధకమును ఇచ్చి, రెంటిని కలిపి చూడని ఏర్పాటును నేను క్షమింపజాలను. గర్భము లేదని పరీక్షచే తెలిసికొని, క్షయచికిత్స ముగిసిన తరువాత సైతము 4 వారములదాక ఆ మాత్రను నమ్మవలదనియు, కాపర్-టీ వేయించుకొనుట మేలనియు, అంతదాక నిరోధ్ వాడవలెననియు చెప్పితిని.

గల్ఫున పనిచేయు భర్త సెలవుపై వచ్చిన రాత్రియే మాత్ర ఆరంభించి, అచిరకాలముననే గర్భవతియైన మరియొకామెకు ముట్టు 40 దినములకో, 60 దినములకో వచ్చుచుండెడిది. తన లెక్కన అవి నిరపాయదినములని తలచినదట. అండము విడుదలయగునది రాబోవు ముట్టునకు సుమారు 14 దినముల ముందు; ఆ ముట్టే ఎన్నడు వచ్చునో తెలియనివారు ఆ దినమునెట్లు గుర్తింతురు? ముట్టు మొదలైన 5 దినములలోపల మాత్ర ఆరంభించినచో వెంటనే రక్ష కలుగును. తక్కిన వేళలందు, గర్భము లేదని తేల్చుకొని ఆరంభించి, 7 దినములు నిరోధ్ తోడు చేసికొనవలెను. వరుసగా రెండు మాత్రలు మరచినను ఇదే నియమము: జ్ఞప్తికి రాగానే ఒకటి వేసికొని, తక్కినవి యథాప్రకారము సాగించుచు 7 దినములు జాగ్రత్త, మరపు మూడవ వారమున జరిగెనేని ఐరన్ మాత్రలు విడిచి క్రొత్త అట్టకు పోవలెను. ఏమరక వేసికొను 100 మందిలో ఏడాదికి ఒక్కరికైనను గర్భము నిలుచుట అరుదు. సామాన్యముగ వాడుకొను తీరున సుమారు 7 మందికి నిలుచునని అమెరికాదేశపు లెక్కలు.

నిరోధ్ మాట భర్తతో ఎత్తుటకు భార్యలు సంకోచింతురు. కావున, ఆమె సమ్మతించినచో, బయట బల్లపై కూర్చున్న భర్తను లోనికి పిలిపించి ఆ 7 దినముల బాధ్యత ఆయనదేయని ఆమె ఎదుటనే చెప్పుట నాకు వాడుక. పిలిచినను రానివారు బహు కొద్దిమంది.