పానా అందించిన చేతులు

మా నాన్న ముప్ఫై ఏళ్ళు బండి తోలాడు. ఆ ముప్ఫై ఏళ్ళూ ఆయన బట్టలు ఉతికింది అమ్మ. డీజిలైతే వాసన ఎక్కువ, మరక తక్కువ. పాత ఇంజనాయిల్ నల్లగా పట్టుకుంటుంది, సోడా వేసి ఉడకబెట్టినా అంచు మిగులుతుంది. గేరాయిల్ జిగట, గంధకం కంపు. మసిగుడ్డ వాసన చూసి బండిలో ఎక్కడ పని జరిగిందో చెప్పేసేది. దాన్ని మా ఇంట్లో ఎవరూ విద్య అనలేదు. బండి కింద పడుకున్న నాన్నకి "పద్నాలుగు పానా", "పదిహేడు రింగు" అని అడగ్గానే అందించేది కూడా అమ్మే. దాన్నీ అనలేదు.

నాన్న పోయి రెండేళ్ళయింది. మిగిలింది 1998 మోడల్ టాటా 407. డ్రైవర్ని పెట్టుకుని దుగ్గిరాల యార్డుకి పసుపు తోలిస్తోంది అమ్మ. ఇల్లు గడిచేది దానిమీదే. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు మాత్రం "పాత ఇనుము, అమ్మేద్దాం" అంటూనే ఉన్నాడు. సరిగ్గా పసుపు సీజన్లో బండి కింద నల్లటి మడుగు కనిపించింది. రాత్రికి గరిటెడు కారుతోంది. మెకానిక్ ఒంగి చూసి, వెనక ఆయిల్ సీలు పోయింది, గేర్‌బాక్స్ దించాలి, మూడు రోజులు, ఎనిమిది వేలు అన్నాడు. తమ్ముడికి ఆ మాట చాలు.

"సీలు పోతే ఆయిల్ క్లచ్ మీద పడాలి గదా, లోడు మీద క్లచ్ జారాలి. జారుతోందా?" అని డ్రైవర్ని అడిగింది అమ్మ. లేదన్నాడు. "అయితే పైనుంచి కారుతోందేమో చూద్దాం. నువ్వు రా అమ్మాయ్" అంది. నేను కాలేజీలో స్త్రీల అదృశ్య శ్రమ గురించి పాఠాలు చెబుతాను. ఆ ఆదివారం నా పని లైటు పట్టుకోవడం.

చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టాం. చల్లారిన ఇంజన్ని బ్రష్షుతో, డీజిల్‌తో కడిగి పొడిగుడ్డతో తుడిచాం. తర్వాత అమ్మ లోపలికెళ్ళి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి ఇంజన్ వెనక భాగమంతా చల్లింది. పది నిమిషాలు బండి స్టార్టు చేసి ఉంచి, ఆపి చూస్తే తెల్లటి పౌడరు మీద సన్నటి నల్లగీత! పైన టాపెట్ కవరు వెనక మూల నుంచి బయల్దేరి, ఇంజన్ వీపు మీదుగా జారి, గేర్‌బాక్స్ కలిసే చోట బొట్లుబొట్లుగా రాలుతోంది. కింద బొట్టు పడిన చోటు చూసి సీలు అనేశాడన్నమాట మెకానిక్. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కీ పోతుంది. అందుకే అన్నిటికంటే పైనున్న తడి ఎక్కడో వెతకాలి.

కవరు విప్పితే కార్క్ ప్యాకింగ్ అప్పడంలా ఎండి విరిగింది. ఆ ముక్క పట్టుకుని తెనాలి వెళ్ళాం. కొట్టతను "ఎవరన్నా మగాళ్ళని పంపండమ్మా, మోడల్ చెప్తారు" అన్నాడు. అమ్మ ముక్కని బల్లమీద పెట్టి "దీనికి నోరు లేదా?" అంది. ప్యాకింగ్ రెండు వందలు కూడా కాలేదు.

పాత ప్యాకింగ్ గీకేటప్పుడు ముక్కలు లోపల పడకుండా గుడ్డ కప్పాం. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా, అన్నీ సమానంగా బిగించింది. బలంకొద్దీ బిగిస్తే కార్క్ నలిగి మళ్ళీ కారుతుందట. ఇంకో పని కూడా చేసింది. బ్రీదర్ గొట్టం ఊడదీసి డీజిల్‌లో కడిగింది. లోపలి ఆవిరి పోయే దారి అది. మూసుకుపోతే ఒత్తిడి పెరిగి ఆయిల్ ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి వస్తుంది. "కుక్కర్ విజిల్‌కి మెతుకు అడ్డం పడినట్టే" అంది. ఇంజనీరింగ్ పుస్తకమైతే దానికి ఒక పేజీ తీసుకునేది.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుజాతనగర్‌లో భర్తతో కలిసి లారీ టైర్లు విప్పి బిగించే ఆదిలక్ష్మి గురించి 2020-21లో పత్రికల్లో చదివాం, సంతోషపడ్డాం. ఆడమనిషి రోడ్డు పక్క షెడ్డులో పానా పడితే వార్త. ఇంటి వాకిట్లో పానా అందించి అందించి ఇంజన్ మొత్తం తెలుసుకున్నవాళ్ళ లెక్క ఏ రిపోర్టర్‌కీ దొరకదు. అడిగితే వాళ్ళూ "నాకేం తెలుసమ్మా" అంటారు. మా అమ్మ కూడా అదే అంటుంది, చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటూ.

మూడు రాత్రులు బండి కింద అట్టముక్క పరిచాం. మూడో పొద్దున కూడా వెనక వైపు పొడిగానే ఉంది. ముందు టైమింగ్ కవరు దగ్గర మాత్రం కొద్దిగా చెమ్మ కనిపించింది. అమ్మ వేలితో తాకి వాసన చూసి, సీజన్ అయ్యాక విప్పుదాంలే అంది. తమ్ముడి మాట గురించి కూడా అప్పుడే చూద్దామంది.