ఎడమ చెయ్యి

మాది రాజపాళయం. హాస్టల్లో ఊరి పేరు చెప్పగానే "కుక్కల ఊరు కదా!" అంటారు. నిజమే. తెల్లని ఒళ్ళు, గులాబీ రంగు ముక్కు, సన్నటి నడుము ఉన్న మా ఊరి వేటకుక్క మీద 2005లో తపాలా బిళ్ళ కూడా వేశారు. మా ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్నో ఉన్నాయన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. దానికి బిళ్ళ వేయలేదు మరి.

మా కుక్క పేరు ముత్యం. రెండేళ్ళది. ఇంట్లో బంగారం. వీధిలోకి వస్తే మాత్రం పక్కన నడవదు. ఎడమ పక్కన పెట్టుకుని బయల్దేరతానా, పది అడుగులు పోకముందే నా మోకాళ్ళకు అడ్డం వచ్చి కుడివైపు తేలుతుంది. మొన్నటి సెమిస్టర్ సెలవుల్లో గుడి సందులో అలాగే తేలింది. నా కుడిపక్కన అవ్వ నడుస్తోంది. గొలుసు ఆమె కాళ్ళకు చుట్టుకుంది. పడిపోయింది. కుడి మణికట్టు ఎముక చిట్లి, కట్టు వేశారు.

ఆ రాత్రి నాయన ఎవర్నీ తిట్టలేదు. "నువ్వు హాస్టలుకు పోయినాక దీన్ని తోపులో కట్టేస్తాను" అన్నాడంతే. మామిడి తోపులో గొలుసు బతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అక్కడ ఇదివరకు ఒక కుక్క ఉండేది. దానికి మనుషులంటే రోజుకు రెండుసార్లు వచ్చే గిన్నె. నాకు మిగిలింది పద్దెనిమిది రోజులు.

ఎదురింటి అత్త దీనికి చెవుడేమో అంది. ఈ తెల్ల కుక్కల్లో కొన్నిటికి పుట్టుచెవుడు ఉంటుంది, కొట్టిపారేసే మాట కాదు. కానీ వంటింట్లో బిస్కెట్ పొట్లం విప్పితే మేడ మీంచి దిగొచ్చేదానికి చెవుడేమిటి!

వెనక వీధిలో పోలీసు కుక్కల దళంలో పనిచేసి రిటైరైన మామ ఒకాయన ఉన్నాడు. వచ్చి చూడమన్నాను. నేను నడిపిస్తుంటే ఆయన ముత్యాన్ని చూడనే లేదు, నా చేతిని చూశాడు. "కుక్క ఎడమ పక్కన, తిండి కుడి చేతిలో. అది తిండి దగ్గరికి పోతా ఉంది. దాని తప్పేముందమ్మా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. బాగా నడిచిన ప్రతిసారీ మెచ్చుకుని కుడి చేత్తో బిస్కెట్ ఇచ్చేదాన్ని, మోకాళ్ళ ముందు. నడిచింది పక్కన, కూలి ముట్టింది ముందు. కూలి ముట్టే చోటికే అది వచ్చి నిలబడుతోంది. అవ్వ పడింది నా చేతి వల్ల.

మామ చెప్పింది వినడానికి తేలికే. దాని భుజం నా కాలికి సమంగా వచ్చిన క్షణంలో "ఆఁ" అనాలి. ఆ తర్వాతే చెయ్యి కదలాలి. చెయ్యి ముందే కదిలితే అది చేతినే చూస్తుంది, మాట వినదు. ముక్క ఎడమ చేత్తో, చుడీదారు ఎడమ కుట్టు దగ్గర, దాని నోరు ఎక్కడ ఉండాలో అక్కడే అందాలి. ముందుకు దూసుకుపోతుంటే ఇంకాస్త వెనక అందాలి. శెనగ్గింజంత కోడిముక్క చాలు. మొదట ఒక్క అడుగుకు ఒక ముక్క, తర్వాత మూడు అడుగులకు.

కానీ నాకు ఎడమ చెయ్యి లేవలేదు. ఎడమ చేత్తో ఏదైనా అందిస్తే పుచ్చుకోకుండా అలాగే నిలబడే ఇంట్లో పెరిగాను. అరుగు మీంచి అవ్వ, "నోరులేనిదానికి ఎడమ చేత్తో పెడతావా!" అంది. "కుక్కనే కుడి పక్కకు తెచ్చుకోరాదూ?" అని కూడా అడిగింది. మంచి ప్రశ్నే. దానికి ఏ పక్కయినా ఒకటేనన్నాడు మామ. అయితే సందు దాటితే మిల్లు లారీలు తిరిగే రోడ్డు. ఎడమ అంచున నడుస్తూ, దాన్ని లారీల వైపు ఎలా పెట్టుకోను?

చుడీదారుకు జేబు లేదు. చివరికి అవ్వే తన ఆకువక్కల సంచి తెచ్చి ఇచ్చింది. "కోడి వాసన పోకపోతే చూడు నీ పని" అంది.

వారానికి ముందుకు రావడం తగ్గింది, ఇంకో రోగం పట్టుకుంది. తల నా వైపు, నడుము బయటికి. పీత నడక. కారణం మళ్ళీ నేనే. ముక్కను నా కాలికి ఆనించి ఇస్తున్నాను. తల లోపలికి తిరిగితే వెనక కాళ్ళు బయటికి పోక ఏం చేస్తాయి? చేతిని బెత్తెడు అవతలికి జరిపాను. నడుము జరగడానికి చోటు లేకుండా కాంపౌండు గోడ వారగా నడిపించాను. నాలుగైదు రోజులకు వెన్ను తిన్నగా వచ్చింది.

పదమూడో రోజు ఆశపడి ఒకేసారి వీధి చివరిదాకా తీసుకుపోయాను. మేక ఎదురొచ్చింది. ఆ సంగతి ఇక్కడ రాయను.

బయల్దేరే ముందురోజు నాయన వెనకాలే వస్తూ చూస్తుంటే గుడి సందు దాకా పోయి వచ్చాం. ముత్యం రెండుసార్లు వెనకబడింది గానీ ఒక్కసారీ నాకు అడ్డం రాలేదు. "పొంగలి దాకా చూద్దాం" అన్నాడు నాయన.

మొన్న అవ్వ ఫోన్ చేసింది. నాయన ముక్కను కుడి చేత్తో తీసి, ఎడమ చేతికి మార్చుకుని పెడుతున్నాడట. వాకిట్లో నాలుగడుగులు నడిపించి తనూ పెట్టిందట.

"ఏ చేత్తో అవ్వా?" అన్నాను.

"కుడి చెయ్యి కట్టులో ఉండాది గదే, ఇంకేం చేసేది?" అంది.