రాహుకాలమును రిలేయును

మా యింట ఇరువదియేండ్లు నిండిన పెట్రోలు వ్యాను ఒకటి కలదు. అది ఎనమండుగురిని మోయును. మా అప్పగారిని సామర్లకోట రైలుస్టేషనునకును, పిల్లలను కాలేజీకిని, బంధువులను పెండ్లిండ్లకును అదియే చేర్చుచుండెను. దానిని నడుపుటకు ఒక పడుచువానిని నెలజీతముపై పెట్టుకొంటిమి. మొన్నటి వేసవిలో ఆ వ్యాను నట్టెండవేళ కదలక మొండికెత్త నారంభించెను. తాళము త్రిప్పగా సెల్ఫు జోరుగా తిరుగును, దీపములు వెలుగును, హారను మ్రోగును, ఇంజను మాత్రము అందుకొనదు. అరగంటయో ముప్పావుగంటయో విసిగి కూర్చుండి మరల త్రిప్పినచో, ఏమియు నెఱుగనట్లు బయలుదేఱును. మెకానిక్కు వద్దకు తీసికొనిపోవు వేళకు దానికి రోగమే లేదు.

మెకానిక్కు మొదట ప్లగ్గులు మార్చెను, పిదప ఫిల్టరు, పిదప బ్యాటరీ. కడపట ట్యాంకులోని పెట్రోలు పంపునే మార్చి నా జీతములో నాలుగవవంతు పుచ్చుకొనెను. వారము దినములు బాగుగా నడచెను. ఆ వారమంతయు మబ్బు పట్టియుండెనన్న సంగతి నాకప్పుడు తోచలేదు. ఎనిమిదవనాడు ఎండ కాసెను. వ్యాను మరల నిలిచెను.

అప్పగారు కారణము కనిపెట్టిరి. బుధవారము పండ్రెండు దాటినపిమ్మట నిలిచినది, గురువారము రెండుగంటలకు నిలిచినది, రెండును రాహుకాలములే. "వేళ చూడకుండా తాళం తిప్పితే ఇంతేరా తమ్ముడూ" అనిరి. వ్యాను ముందు నిమ్మకాయయు మిరపకాయలును వ్రేలాడెను. నేను నవ్వితిని. మూఢవిశ్వాసములనుగూర్చి సభలలో ఉపన్యసించువాడను గదా! కాని చదువరులారా, నేను కనిపెట్టిన కారణము అంతకంటెను హీనమైనది. డ్రైవరు పెట్రోలు తీసి అమ్ముకొని కిరసనాయిలు కలుపుచున్నాడని నాకు అనుమానము పుట్టెను. అతని తల్లికి జబ్బు, ఇంటిలో అప్పు. కావున దొంగిలియుండునని మనస్సు సులభముగా ఒప్పుకొనెను. వీధిలో, టీదుకాణము ఎదుట, నలుగురు వినుచుండగా ఆ మాట అంటిని. నెల నడుమనే, లెక్క చూడక, ఇక రావలదంటిని. అతడేదో చెప్పబోయెను, నేను వినలేదు.

మఱునాడు శుక్రవారము. నేనే దగ్గఱ నిలిచి పెట్రోలు పోయించి, నేనే నడిపితిని. రెండుగంటలకు వ్యాను నిలిచెను. శుక్రవారమునాడు రాహుకాలము పదిన్నరకు మొదలై పండ్రెండింటికే ముగియును. అప్పగారి సిద్ధాంతమును నా సిద్ధాంతమును ఒక్కమాఱే కూలినవి.

ఇంటర్మీడియట్టు చదువుచున్న మా అమ్మాయి అప్పుడు నోటుపుస్తకము తెఱచెను. వ్యాను ఏ గంటకు మొండికెత్తినది, ఎంతసేపు ఎండలో నున్నది, అద్దములు మూసియుండెనా, తాళము త్రిప్పగానే పంపు పలికినదా యని ప్రతిదినము వ్రాయసాగెను. మా వ్యానులో తాళము త్రిప్పినంతనే, సెల్ఫు కొట్టకమునుపే, ట్యాంకులోని పంపు రెండు సెకనులపాటు జుమ్మనవలెను. పది దినములు గడచునప్పటికి సంగతి తేటపడెను. అద్దములు మూసి గంటకు పైగా ఎండలో నుంచిననాడు పంపు మూగపోయెను. వేపచెట్టు నీడను నిలిపిననాడు రాహుకాలములో సైతము పలికెను. నేను చిన్ననాడు తర్కసంగ్రహము చదివితిని. నిప్పున్న వంటయింట పొగయుండుట, నిప్పులేని మడుగున లేకుండుట చూపి అన్వయవ్యతిరేకములను పిల్లలకు చెప్పుచుందును. కాకతాళీయమనిన నేమో కూడ చెప్పుచుందును. ఆ విద్యనంతయు పాఠశాల బల్లమీదనే వదలి ఇంటికి వచ్చుచుంటినని ఆ పుస్తకము చూచిన పిదప తెలిసికొంటిని.

పంపునకు కావలసిన కరెంటు తాళముగుండా పోదు. నడుమ అగ్గిపెట్టెవంటి నల్లని పెట్టె యొకటి యుండును, అదియే రిలే. దానిలో సన్నని తీగచుట్ట కలదు. ఆంపియరులో ఐదవవంతైనను లేని కరెంటు ఆ చుట్టలో ప్రవహించినంతనే అది అయస్కాంతమై ఇనుపరేకును లాగును. రేకు పోయి మొనలను కలుపును. అప్పుడు బ్యాటరీనుండి పెద్ద కరెంటు పంపునకు పోవును. అమెరికాదేశపు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ 1835 ప్రాంతమున ఈ యుపాయమును చూపెను. అలసిన గుఱ్ఱములకు మాఱుగా దారిలో సిద్ధముగా నుంచెడి క్రొత్త గుఱ్ఱములకు ఫ్రెంచివారు పెట్టిన పేరే దీనికి వచ్చినది. చిన్న కరెంటు అలసినచోట పెద్ద కరెంటు అందుకొనును. రిలే కాళ్లకు అంకెలుండును: 85, 86 తీగచుట్టవి, 30 బ్యాటరీనుండి వచ్చునది, 87 పంపునకు పోవునది.

అంతకుముందే ఒక ఎలక్ట్రీషియను ఆ పెట్టెపై వ్రేలుంచి, తాళము త్రిప్పించి, "టక్కుమంది, రిలే బాగానే ఉంది" అని వెడలిపోయియుండెను. పొరపాటంతయు నిక్కడనే యున్నది. టక్కుమనుట తీగచుట్ట పనిచేయుటకే సాక్ష్యము. కరెంటు ఆవలికి దాటినదనుటకు కాదు.

ఆదివారము వ్యానును కావలెనని మూడుగంటలసేపు ఎండలో నుంచితిమి. పంపు పలుకలేదు. అమ్మాయి తాళము త్రిప్పుచుండగా నేను పరీక్షదీపము పట్టితిని. 30 వద్ద వెలిగెను. రిలే టక్కుమనెను. 87 వద్ద చీకటి. తరువాత ప్లాస్టికు సంచిలో మంచుగడ్డలు పోసి రిలేకు ఆనించితిమి. ఐదాఱు నిముసములకు తాళము త్రిప్పగా వెనుకనుండి జుమ్మని వినబడెను. మా అమ్మాయి చప్పట్లు చఱచెను. నాకు మాత్రము డ్రైవరు ముఖము కనబడెను.

బ్యాటరీ తీగ విప్పి, రిలేను ఊడదీసి, పెట్టె తెఱచి భూతద్దముతో చూచితిమి. ఒక కాలు మొదట టంకము చుట్టును వెండ్రుకవంటి పగులు. ఎండకును కరెంటుకును వేడెక్కి, రాత్రి చల్లబడి, కాలును టంకమును సమముగా వ్యాకోచింపక, ఏండ్లకొలది లాగులాడి విడిపోయినవి. వేడికి ఆ పగులు విచ్చును. చల్లబడినచో మరల అంటును. క్రొత్త రిలే వెల మూడువందల రూపాయలు. కొందఱు రిలేను తీసివేసి 30ని 87తో తీగవేసి కలిపెదరు. నిముసము పరీక్షకు చెల్లును గాని అట్లే యుంచరాదు; ప్రమాదమున ఇంజను ఆగినను పంపు ఆగక పెట్రోలును చిమ్ముచునే యుండును.

ఆ సాయంకాలమే డ్రైవరు ఇంటికి పోతిని. అతడు అద్దెకు ఆటో నడుపుకొనుచున్నాడు. జరిగినది చెప్పి, మిగిలిన జీతమిచ్చి, తప్పు నాదంటిని. అతడు రూపాయలు లెక్కపెట్టుకొని, "మొదటినాడే చెప్పాను గదండీ మాస్టారూ, ఎండలో పెడితే వెనకాల పంపు పలకడం లేదని" అనెను. నిజమే. గేటువద్ద నిలిచి చెప్పినాడు. నేను పత్రిక చదువుచు ఊకొట్టితిని. మరల పనికి రమ్మంటిని. రానన్నాడు. "నలుగురిముందూ అన్నారు, నలుగురిముందే చెప్పండి. అది చాలు" అనెను.

మఱునాటి ఉదయము టీదుకాణమువద్ద, ముందు మాట విన్నవారిలో దొరకినవారినందఱను నిలిపి, ఇతడు చుక్క పెట్రోలు ముట్టలేదనియు నేను అన్నది అబద్ధమనియు చెప్పితిని. తరగతిలో గంటలకొలది మాటాడు నాకు ఆ రెండు మాటలకు నోరెండిపోయెను. అతడు నా చేతిలోని పాత రిలేను తీసికొని, ఎండకెదురుగా పట్టి పగులును చాలసేపు చూచి, తిరిగి యిచ్చెను. అంతలో స్టేషనుకు పోవు బేరము రాగా ఆటో ఎక్కి వెడలిపోయెను.