'ఈవిడ ఇక్కడికెలా వచ్చింది?'

మ్యాగజైన్‌కి ఏదైనా రాయక్కా అని చెల్లెళ్ళు అడిగారు. అంబేడ్కర్ గురించో, కలాం గారి గురించో రాస్తాననుకుని ఉంటారు. వాళ్ళ గురించి నాకంటే బాగా రాసేవాళ్ళు మన హాస్టల్లోనే ఉన్నారు. నేను లిండా మాకార్ట్‌నీ గురించి రాస్తాను. ఇంగ్లండ్‌లో బీటిల్స్ అనే పాటల బృందం ఉండేది. అందులోని పాల్ మాకార్ట్‌నీని లిండా 1969లో పెళ్ళి చేసుకుంది. లోకానికి ఆమె ఆయన భార్యగానే తెలుసు.

లిండా 1941లో అమెరికాలో పుట్టింది. తండ్రి పేరున్న లాయరు. మనలాగా రేకుపెట్టె పట్టుకుని హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కానీ 1962లో తల్లి విమాన ప్రమాదంలో పోయింది. పెళ్ళయింది, కూతురు పుట్టింది, విడాకులయ్యాయి. బిడ్డను పెట్టుకుని న్యూయార్క్‌లో ఒక పత్రికాఫీసులో రిసెప్షనిస్టుగా చేరింది. 1966లో రోలింగ్ స్టోన్స్ అనే బృందం హడ్సన్ నదిలో ఓడ మీద విలేఖరులను కలుస్తోందని ఆఫీసుకి ఆహ్వానం వచ్చింది. ఆ కాగితం తీసుకుని, కెమెరా పట్టుకుని తనే వెళ్ళింది! ఓడలోకి రానిచ్చిన ఫొటోగ్రాఫర్ ఆమె ఒక్కతే. రెండేళ్ళు తిరక్కుండానే, 1968 మేలో, 'రోలింగ్ స్టోన్' పత్రిక ముఖచిత్రంగా ఆమె తీసిన ఎరిక్ క్లాప్టన్ ఫొటో వచ్చింది. ఆ పత్రిక ముఖచిత్రం తీసిన మొదటి మహిళ ఆమే. అప్పటికి పాల్‌తో పెళ్ళి కాలేదు.

బీటిల్స్ విడిపోయాక 1971లో పాల్ 'వింగ్స్' అనే కొత్త బృందం పెట్టి, లిండాను కీబోర్డు వాయించమన్నాడు, పాడమన్నాడు. ఆమెకు రాదు. ఆయనే నేర్పాడు. 1972లో పిల్లలను కూడా వ్యానులో ఎక్కించుకుని, ముందుగా చెప్పకుండా యూనివర్సిటీలకు వెళ్ళి విద్యార్థుల ముందు పాడారు. మొదటిది నాటింగ్‌హామ్. అక్కణ్ణుంచి మొదలైంది ఆ ప్రశ్న: ఈవిడ ఇక్కడికెలా వచ్చింది?

ఆ ప్రశ్న కోర్టు దాకా కూడా వెళ్ళింది. పాటల్లో సగం రచన లిండాది అని పాల్ అంటే, హక్కులున్న కంపెనీ నమ్మక దావా వేసింది. చివరికి రాజీ కుదిరింది. 1973లో జేమ్స్ బాండ్ సినిమాకి ఇద్దరి పేరుతో వచ్చిన 'లివ్ అండ్ లెట్ డై' పాట ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. పీజీలో చేరిన మొదటి వారంలో, పక్క బెంచీ అమ్మాయి నా పేరు కంటే ముందు అడిగింది 'ఏ కోటా?' అని. ఈ మాట విననివాళ్ళు మన హాస్టల్లో ఎవరైనా ఉన్నారా? మనది హక్కు, లిండాది భర్త పిలుపు. రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. అడిగే గొంతు మాత్రం ఒకలాగే ఉంటుంది.

నిజం చెప్పాలంటే ఆమెది గొప్ప గొంతేమీ కాదు. 1990లో నెబ్‌వర్త్ కచేరీలో ఆమె గొంతు ఒక్కటే వినిపించే టేపు ఒకటి బయటికొచ్చింది. జనం దాన్ని వేసుకుని నవ్వుకున్నారు. మన పొద్దుటి ప్రార్థనలోంచి ఒక్కరి గొంతు విడదీసి మైకులో పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి! పాల్ గొంతు పక్కన వింటే ఆమెది ఇంట్లో వాళ్ళు వంత పాడినట్టు హాయిగా ఉంటుంది. అందుకు 1971 నాటి 'రామ్' రికార్డు వినాలి.

నవ్విన వాళ్ళ కోసం ఆమె కెమెరా పక్కన పెట్టలేదు. తర్వాత సూర్యుడి వెలుగుతో ఫొటోలు అచ్చువేయడం మొదలుపెట్టింది. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద నెగెటివ్ పెట్టి, ఎండలో ఉంచి, నీళ్ళతో కడిగితే నీలి బొమ్మ వస్తుంది. కెమిస్ట్రీ చెల్లెళ్ళకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. 1988లో ఆ బొమ్మలతో పుస్తకం కూడా వేసింది.

1998 ఏప్రిల్‌లో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. యాభై ఆరేళ్ళు.

నాకు బాగా నచ్చిన ఫొటో 1970లో పాల్ సొంత రికార్డు అట్ట వెనక ఉంటుంది. ఆయన కోటు లోపల్నుంచి పసిపాప మొహం బయటికి చూస్తూ ఉంటుంది. తీసింది లిండా. ఆ పాప మేరీ పెద్దయి తనూ ఫొటోగ్రాఫరే అయింది.