తిరుపతి జూలో మా శనగ చేల జింకలు

పెద్దముడియం నుంచి తిరుపతికి వచ్చేవాళ్లు కొండెక్కి దిగాక, టైముంటే జూ వైపు వస్తారు. మేం మాత్రం ఈసారి జూ కోసమే వచ్చాం. శేషాచలం కొండల కింద 1987 సెప్టెంబరు 29న మొదలైన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఇది. హైదరాబాద్ నెహ్రూ జూ 380 ఎకరాలైతే, దీనిది వేల ఎకరాల లెక్క. అందులో చాలా భాగం ఉట్టి అడవే. ఎర్రచందనం మాను బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా చీలి ఉంది. పేపర్లో దుంగలుగా తప్ప చూడని చెట్టును నిలబడి ఉండగా చూడ్డం మా పిల్లలకు అదే మొదటిసారి.

వాళ్లు తెల్లపులి దగ్గరికి పరిగెత్తారు. మా బావ కృష్ణజింకల కంచె దగ్గర ఆగిపోయాడు.

మా మండలంలో జింకల బెడద తెలియని రైతు లేడు. పప్పుశనగ మొలక పైకి తేలితే చాలు, మందలు దిగుతాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టి రాత్రంతా కాపలా కాసే మనిషి, టికెట్ కొని అదే జింకను చూడాలి! ‘‘మేపేది మేమే, దుడ్లిచ్చేదీ మేమేనా?’’ అని నవ్వాడు. కానీ కదల్లేదు. చేలో ఆయన చూసేది టార్చిలైటు వెలుగులో వాటి వెనక భాగమే. ఇక్కడ మెలికల కొమ్ముల మగజింక తల వంచి, కంటి కింది గ్రంథిని పుల్ల కొనకు మెల్లగా అద్దుతోంది. అది దాని సరిహద్దు గుర్తని కీపరు చెప్పాడు. ‘‘మా గట్టు రాయి మాదిరే’’ అన్నాడు బావ.

కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. 1972 చట్టంలో మొదటి షెడ్యూలు రక్షణ ఉంది కాబట్టి రైతు ముట్టుకోరాదు. మాకు ఎగువన రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెడితే, జింకలు పెరిగాయి, పిట్ట కనబడకుండా పోయింది. జూ బోర్డు మీద పట్టే కథ కాదిది. నష్టపరిహారం సంగతి సరేసరి.

పోతూ పోతూ బావ కలివికోడి ఉందా అని అడిగాడు. 1900 తర్వాత జాడ లేక, 1986లో మన కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికిన పిట్ట అది. దాని కోసమే లంకమల్ల అభయారణ్యం.

‘‘యాడుండాదన్నా, దాన్ని కంటితో చూసినోళ్లే తక్కువ’’ అన్నాడు కీపరు.