నేపాళమున రాజ్యవతి

పశుపతినాథుని దర్శింపవలెనని మా యక్కయ్యకు చిరకాలపు కోరిక. బావగారున్నన్నాళ్లు ఆ ప్రయాణమునకు తీరిక చిక్కలేదు. ఆయన గతించి రెండేండ్లయినది. నాటినుండి పేరంటముల మాట యటుంచి, ప్రక్కయింటి గడపయైన నెక్కుట ఆమె మానుకొన్నది. ఈ వేసవిలో బడికి సెలవులీయగనే మావారు, "ఈ యేడు నేపాళము పోదము, వదినగారిని కూడ పిలువు" మనిరి. "నేనెక్కడికి వస్తానే, మీరిద్దరూ వెళ్లి రండి" అని యామె మూడు దినములు వాదించి, నాలుగవనాడు పెట్టె సర్దుకొన్నది.

ఆ పెట్టెలో బట్టల నడుమ నొక కాగితము కూడ నున్నట్లు నాకు తెలియును. ఆమె యేకైక కుమారునకు జర్మనీ దేశమున పైచదువునకు చోటు దొరకినది. హైదరాబాదున నున్న యా కుఱ్ఱవాడు తల్లి యనుమతి కోరి, ఆ ప్రవేశపత్రపు నకలు పంపియుండెను. ఆమె ఔననలేదు, కాదనలేదు. ఆ ప్రస్తావన తెచ్చుటకు మా యిద్దరికిని నోరాడలేదు.

రక్సౌలు వఱకు రైలు. అచ్చట సరిహద్దు దాటిన బీర్‌గంజ్. మన దేశస్థులకు వీసా యక్కరలేదు. మన నూరు రూపాయలు అచ్చట నూటయరువది. వారి కాలము మనకంటె పదునైదు నిమిషములు ముందు. మావారు సరిహద్దు దాటగనే గడియారము దిద్దుకొనిరి. అక్కయ్య దిద్దుకొనలేదు, "పావుగంటకేముందిలే" అన్నది.

తరాయి మైదానము, సాలవృక్షముల యడవులు గడచి, నారాయణఘాటు దాటిన తరువాత త్రిశూలీనది వెంట బస్సు కొండల నడుమ దూరినది. ఒకప్రక్క విఱిగిపడుటకు సిద్ధముగనున్న కొండచరియ, ఒకప్రక్క లోయ. ఎదుట లారీ వచ్చినప్పుడెల్ల నేను కన్నులు మూసికొంటిని. త్రిశూలి గండకీనదిలో కలియునది. మన యిండ్ల పూజాపీఠములందలి సాలగ్రామములు ఆ గండకి యెగువపాయ యొడ్డున, ముక్తినాథమునకు పోవు దారిలో దొరకునవే. ఆ మాట చెప్పగనే అక్కయ్య కిటికీలోనుండి నదికి చేతులు జోడించినది.

నాకు దారిపొడుగునను వినోదము గూర్చినవి అంగళ్లపై పలకలు. లిపి దేవనాగరి, మాటలలో సగము మన యమరకోశములోనివే. విమానాశ్రయమును వారు "విమానస్థల" మందురు. కాన్పుల ఆసుపత్రి "ప్రసూతిగృహ"ము. ఇంత సంస్కృతమును చూచి గర్వించుచుండగా నొకచోట "ఖాజాఘర్" అని కనబడినది. తాపేశ్వరము కాజాలు తలపునకు వచ్చి యాశతో లోనికి పోయితిమి. వారు తెచ్చిపెట్టినవి అటుకులు, వేపిన సోయాగింజలు, కారపు బంగాళాదుంపలు! ఖాజా యనగా నచ్చట ఫలహారమని యర్థమట. అటుకులు మాత్రము బాగున్నవి.

కాఠ్మాండు నగరము సముద్రమట్టమునకు సుమారు 1,400 మీటరుల యెత్తున, నలుగడల కొండలున్న లోయలో నున్నది. వైశాఖ జ్యేష్ఠములలో వీథులవెంట జకరండా చెట్లు ఊదారంగు పూవులతో నిండియుండును. హిమవత్పర్వతమును చూడవలెనని పోయిన మాకు మొదటి నాలుగు దినములు దుమ్ము, పొగమంచు తప్ప నేమియు కనబడలేదు. ఐదవనాటి వేకువ వాన వెలిసిన పిదప ఉత్తరమున తెల్లని శిఖరములు కొన్ని గడియసేపు నిలిచి, మరల మాసిపోయినవి.

నగరపు సందడి యసన్ బజారున చూడవలెను. పసుపుకొమ్ములు, ఎండుచేపలు, ఇత్తడి పాత్రలు, మారేడుకాయలు ఒకే సందులో నమ్ముదురు. ఆ నడుమనే గుడులు, ఆ నడుమనే మోటారుసైకిళ్లు. ఆఫీసులకు పోవు స్త్రీలు స్కూటరు నాపి, చెప్పులు విడువకయే దేవునివైపు చేయి చాచి నొసట నద్దుకొని సాగిపోవుదురు. దగ్గఱలోనే యున్న కాష్ఠమండపము పేరే యీ నగరమునకు వచ్చినది. ఒక్క చెట్టు కఱ్ఱతో కట్టిరని ప్రతీతి. 2015 ఏప్రిలు 25వ తేదీ భూకంపమున నది నేలమట్టమాయెను. ఆ యుత్పాతమున నా దేశమున సుమారు 9,000 మంది మరణించిరి. ఇప్పుడా మండపమును పాతపద్ధతిని మరల నిలిపినారు. భక్తపురమునందలి ఐదంతస్తుల న్యాతపోల దేవాలయము మాత్రము 1702లో కట్టినది, 1934 నాటి భూకంపమునకును, 2015 దానికిని తట్టుకొని నిలిచినది.

కుమారీగృహమును కూడ చూచితిమి. శాక్యవంశపు బౌద్ధుల బాలికను దేవతగా నెన్నుకొని హిందువులును బౌద్ధులును గొలుచుదురు. రజస్వల కాగానే యామె మరల సామాన్య బాలిక యగును. దేవతకు చదువెందులకని పూర్వము చెప్పింపకుండిరట. కుమారికిని చదువుకొను హక్కు కలదని యా దేశపు సర్వోన్నత న్యాయస్థానము 2008లో తీర్పు చెప్పినది. చెక్కడపు కిటికీలో క్షణమాత్రము కనబడిన యా చిన్నతల్లి ముఖమున నవ్వు లేదు. భక్తి కలిగినదో, జాలి కలిగినదో నేను చెప్పజాలను.

ఇంద్రచోకున పూసల బజారున్నది. ముంగిలివంటి యిఱుకు సందులో చిన్న చిన్న కొట్లు. పైనుండి జలపాతమువలె వ్రేలాడు పూసల పేరులు. పోతే యను ఈ పూసలదండ అచ్చటి ముత్తైదువులకు మన నల్లపూసలవంటిది. కొట్టువాడు తెలియక యెఱ్ఱపూసల పేరొకటి అక్కయ్య మణికట్టున నానించి చూపగా, ఆమె వేడిగిన్నె తాకినట్లు చేయి వెనుకకు తీసికొన్నది. నేను బేరము మాని వచ్చివేసితిని.

ఆ రాత్రి మేము దిగిన యింటి యజమానురాలు మాకు టీ తెచ్చినది. నేను ప్యాసైన రెండు హిందీ పరీక్షల పుణ్యమున మేము మాటలాడుకొనగలిగితిమి. ఆమెయు భర్త పోయినదే. కట్టుకొన్న చీర యెఱ్ఱది. వారి స్త్రీల సంఘములు "విధవ" యను మాటను విడిచి "ఏకల్ మహిళ" యనుచున్నారనియు, ఎఱ్ఱరంగు కూడదను కట్టడిని త్రోసివేసినారనియు చెప్పినది. 2015 మొదలు 2023 వఱకు రాష్ట్రపతిగానున్న విద్యాదేవి భండారీయు అట్టి యామెయే కదా యని నవ్వినది. నేను తెలుగున చెప్పుచుండగా అక్కయ్య తలవంచుకొని టీ త్రాగినదేకాని మాటాడలేదు.

పశుపతి దర్శనము మఱునాడైనది. అచ్చటి ప్రధానార్చకులు దక్షిణదేశపు భట్టులే. ఆ దూరభూమిలో అది విన నాప్యాయముగ నుండును. ఆలయమునంటి బాగ్మతి యొడ్డున నున్నది ఆర్యఘాటు. చితులు వరుసగా మండుచుండగా అక్కయ్య యావలి యొడ్డున మెట్లమీద గంటసేపు కూర్చున్నది. ఆ దేశమున సహగమనమును 1920లో చంద్రశంశేరు ప్రభుత్వము నిషేధించినదని మావారు నాతో మెల్లగా ననిరి.

ఇక చంగునారాయణము. భక్తపురమునకు ఉత్తరముగ నొక గుట్టకొనమీద నున్నది. ఱాళ్లు పఱచిన వీథి నెక్కి పోవలెను. ఇరువైపుల కొయ్యముసుగులు, చిత్రపటములు అమ్ముదురు. ఒక కొట్టులోని వృద్ధురాలు, కొడుకు ఖతారులో నున్నాడనియు నాలుగేండ్లయినదనియు చెప్పినది. మన కరీంనగరమునుండియు, కోనసీమనుండియు పోవువారిని తలచుకొంటిని. గుడి ముందు మనుష్యరూపమున గరుత్మంతుడు మోకరిల్లి చేతులు జోడించియున్నాడు. ఆ ముఖము మానదేవ మహారాజుదే యందురు. ప్రక్కనే యా రాజు నిలిపిన స్తంభపు మొదలు, దానిపై సంస్కృతశాసనము. కాలము శకవర్షము 386, అనగా క్రీస్తుశకము 464, జ్యేష్ఠ శుద్ధ పాడ్యమి.

లిపి ప్రాచీనము, నాకు పట్టుపడలేదు. మావారు అచ్చైన పాఠమును దేవనాగరిలో వ్రాసి తెచ్చియుండిరి. మా నాన్నగారు మా యిద్దరికి వసారాలో కూర్చుండబెట్టి రఘువంశము చెప్పినవారే. అందు అక్కయ్యయే నాకంటె చుఱుకు. నేను పదములు విఱుచుకొనుచు తడబడుచుండగా, "అది శార్దూలమే, అలా చదవకూడదు" అని కాగితము నా చేతినుండి తీసికొన్నది. రెండేండ్లుగా శ్లోకము పలుకని కంఠము. మొదట బొంగురుపోయినది, పిమ్మట వృత్తము దానిని నడిపించుకొని పోయినది.

కథ యిది. ధర్మదేవుడను రాజు హఠాత్తుగా మరణించెను. రాణి రాజ్యవతి కుమారుని పిలిచి, "నీ తండ్రి పోయినాడు, ఇక నాకీ బ్రదుకెందులకు, రాజ్యము నీవేలుకొనుము, నేడే నేనాయనను వెంబడింతు" నన్నది. ఆ కొడుకు మానదేవుడు పాదములపై బడి యేడ్చి, "నీవు లేక నాకు భోగములేల? ముందు నేను ప్రాణము విడుతును, పిదప నీవు పొ"మ్మన్నాడు. కన్నీటితో కలిసిన యా మాటలు వలలైనవి. వలలో బడిన పక్షివలె నామె నిలిచిపోయినది. తల్లియు కొడుకును కలిసి యుత్తరక్రియలు జరిపిరి.

ఇచ్చట అక్కయ్య యాగినది. పదునైదు వందల యేండ్లు దాటిన మాట. ఒక తల్లి యుండిపోయిన సంగతిని విజయములకంటె ముందు ఱాతిమీద చెక్కించిన రాజును గూర్చి మఱియెచ్చటను నేను చదువలేదు. మావారు నావైపు చూచిరి. నేనేమియు ననలేదు.

"తరువాతిది ఏదే?" యన్నది అక్కయ్య.

నేను రెండవ కాగితమిచ్చితిని. తరువాత, ఎదిగిన కొడుకు తల్లికి మ్రొక్కి, తండ్రి ఋణము తపస్సుతో తీర్పజాలనని, భుజబలముతో తీర్చుకొందునని తూర్పుదిక్కునకు దండు వెడలుటకు సెలవడుగును. ఆ తల్లి సంతోషించి యనుజ్ఞ యిచ్చును. అతడు తూర్పు జయించి, పిదప పడమట గండకి దాటి పోయెను. ఏ కొడుకు మాటవలన నిలిచినదో ఆ కొడుకునే పొమ్మన్నది! అక్కయ్య యా శ్లోకమును పైకి చదువలేదు; పెదవులు మాత్రము కదలినవి. కాగితములు మడిచి నాకీయక, తన చేతిసంచిలో నుంచుకొన్నది.

రాత్రి బస చేరి భోజనములైన పిదప ఆమె తన గడియారము చూచుకొని, "అక్కడ ఇంకా తొమ్మిది కాలేదు, వాడు మేలుకునే ఉంటాడు" అనుచు ఫోను తీసికొని మేడమీదికి పోయినది. అరగంటకు దిగి వచ్చి మావారినడిగినది: "మరిదిగారూ, జర్మనీకీ మనకూ ఎన్ని గంటల తేడా?"

"వేసవిలో మూడున్నర, చలికాలములో నాలుగున్నర" అని వారు చెప్పిరి. ఆమె పెట్టెలోని కాగితము తీసి, దాని వెనుక ఆ రెండంకెలు వ్రాసికొన్నది.